సాగనంపు పాట లేని ఆల్బం

నేను పిరికిదాన్ని. ఇందులో దాచుకునేదేమీ లేదు, మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. మీద బల్లి పడితే నా కేక మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో సగం మందికి వినిపిస్తుందని మా తమ్ముడు వెక్కిరిస్తాడు. మైకు ముందు నిలబడితే మాత్రం ఆ భయం ఎటు పోతుందో పోతుంది. పెళ్లిళ్లలో, గుళ్లలో, బడి వార్షికోత్సవాల్లో ఏళ్లుగా పాడుతున్నాను. మామూలు రోజుల్లో బడిలో గుమాస్తా పని, సెలవుల్లో పాట. పాడేవన్నీ మా రబ్బరు ఎస్టేటు పాటలే. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో ఈ దేశానికి తెచ్చుకున్న సామాన్లలో చెదలు పట్టకుండా మిగిలినవి అవే.

ఆ పాటలన్నీ నాకు ఇచ్చింది మా మేనత్త. చిన్నప్పుడే అమ్మ పోతే నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆవిడే. రబ్బరు చెట్లకు గాటు పెడుతూ పాడేది, బట్టలుతుకుతూ పాడేది, మమ్మల్ని తిడుతూ కూడా మధ్యలో ఒక చరణం అందుకునేది. నాకు పెళ్లయ్యాక నాతోనే వచ్చేసింది. మా ఆయనకి కూడా ఆవిడంటే భయమే. కాబట్టి మా ఇంట్లో పేచీ లేదు.

తమ్ముడికి సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫ్లాటులో ఒక గది గోడలకి స్పాంజి అట్టలు అతికించి, దాన్ని స్టూడియో అంటాడు. మన పాటలకి ఇక్కడి మలయ్‌వాళ్ల జోగెట్ డాన్సు తాళం వేద్దాం, కీబోర్డూ గిటారూ పెడదాం, మధ్యలో తమిళ ర్యాప్ పాడిద్దాం, అప్పుడు కుర్రకారు వింటారని వాడే నా వెంటపడ్డాడు. మొదటి పాట తయారయ్యాక అత్తకి వినిపించాం. పాట కింద మోటారు తిరుగుతున్నట్టుందని మొహం చిట్లించింది. అయితే ఆవిడ కాలి బొటనవేలు తాళం వేయడం నేనూ చూశాను, వాడూ చూశాడు.

అన్ని పాటలకీ అత్త సరేనంది. రెండింటి దగ్గర మాత్రం ఆగింది. అవి అమ్మోరి పండగ పాటలు.

మా ఎస్టేటు గుడి అంటే గోపురం ఊహించుకోవద్దు. రేకుల కప్పు కింద పసుపు పూసిన రాయి, అంతే. ఏడాదికోసారి పండగ నాడు అక్కడ డప్పు మీద పిలుపు పాట పాడితే అమ్మోరు ఎవరో ఒకరి ఒంటి మీదకి వచ్చేది. నా చిన్నతనమంతా ఆ ఒకరు మా అత్తే. పొద్దున నాకు జడ వేసిన చేతులే మధ్యాహ్నానికి వేపమండలు పట్టుకుని ఊగుతుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. జనం ఆవిడ కాళ్ల మీద పసుపు నీళ్లు పోసి, పిల్లల జబ్బుల గురించీ ఉద్యోగాల గురించీ అడిగేవారు. నేను గుడి వెనక నక్కి ఒకే ఒక్కటి అడిగేదాన్ని, మా అత్తని మాకు తిరిగి ఇచ్చేయమని.

ప్రతిసారీ ఇచ్చేసేది. ఎందుకంటే పిలుపు పాట తర్వాత సాగనంపు పాట ఉండేది. పిలిచిన మనిషే మళ్లీ గొంతెత్తి, అత్త వైపు మొహం పెట్టి వెనక్కి అడుగులేస్తూ, ఎస్టేటు హద్దులో ఉన్న పెద్ద కాలువ దాకా ఆవిడని నడిపించుకుపోయేవాడు. పిలిచింది ఒకరైతే పంపేది ఇంకొకరు కాకూడదు. కాలువ గట్టున పసుపు నీళ్ల చెంబు బోర్లించగానే అత్త చతికిలబడేది. కాసేపటికి కళ్లు తెరిచి, దాహం అనేది. ఆ మాట వింటే చాలు, నేను ఏడుస్తూ పోయి ఆవిడ ఒళ్లో పడేదాన్ని.

"పిలిసి వదిలేయకూడదు. ఎడితే రెండూ ఎట్టండి, నేదంటే రెండూ మానేయండి," అంది అత్త తమ్ముడితో. వాడు తలూపాడు. తల ఊపడం వాడికి బాగా వచ్చిన పని.

రెండూ పాడాను. పిలుపు పాట ఒక్క ఊపులో వచ్చేసింది. సాగనంపు మాత్రం నెమ్మదైన పాట, లాగి లాగి పాడాలి, చివరి చరణం దాదాపు మాటలా ఉంటుంది. స్పాంజి గోడల మధ్య నిలబడి, ఎదురుగా ఎవరూ లేకుండా, ఏసీ చలికి శాలువా కప్పుకుని దాన్నీ పూర్తి చేశాను. ఒక్క తప్పూ రాలేదు. తమ్ముడు బొటనవేలు చూపించాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అత్త వంటింట్లో పడిపోయింది. గుండె అన్నారు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆల్బం ఎప్పుడు బయటికొచ్చిందో, ఎవరు విన్నారో ఆ రోజుల్లో నాకు పట్టలేదు. ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఆవిడ ఛాతీ పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉండేదాన్ని. కదలడం ఆగిందేమోనని అనుమానం వచ్చినప్పుడల్లా లేచి ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. ఒకసారి ఆవిడ కళ్లు తెరిచి, వేలు తీయమని కసిరింది. ఆ కసురు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. బరువులు ఎత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు, ఆవేశపడకూడదు, గుండె వేగం పెరిగే పని ఏదీ చేయకూడదు. అమ్మోరి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇంగ్లీషులో దాన్ని ఎలా అడగాలో కూడా నాకు తెలియదు.

ఆల్బం మొత్తం నేను మొదటిసారి విన్నది బడి క్యాంటీన్‌లో. టీ పోసే అమ్మాయి ఫోన్‌లో నా గొంతు వస్తోంది. నాకు గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. నాట్ల పాట అయింది, లాలిపాట అయింది, చివరికి పిలుపు పాట మొదలైంది. తమ్ముడు దానికి వేసిన తాళానికి క్యాంటీన్‌లో పిల్లలందరూ చెంచాలతో బల్లల మీద కొట్టారు. పాట అయిపోయింది. సాగనంపు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. మళ్లీ నాట్ల పాట వచ్చింది.

ఆ అమ్మాయిని అడిగాను, చివరన ఇంకో పాట ఉండాలే అని. లేదక్కా, అదే చివరిది, అయిపోతే మళ్లీ మొదటినుంచి తిరుగుతుంది, రోజంతా అలాగే పెట్టి ఉంచుతాం అంది. నా చేతిలో టీ చల్లారిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఓపిగ్గా విని, తన తమిళం, మలయ్ కలిసిన తెలుగులో జవాబిచ్చాడు.

"అక్కా, అది రొంబ స్లో లా. హిట్ పాట మీద ఆపితేనే మళ్లీ వింటారు. దీపావళికి దాన్ని విడిగా ఏస్తాను," అన్నాడు.

అత్త చెప్పింది గుర్తులేదా అంటే, గుర్తుంది కానీ అది పండగలో సంగతి, ఇది ఫోన్‌లో సంగతి అన్నాడు. కంప్యూటరుకి పూనకం రాదు కదా అని నవ్వాడు కూడా. నన్ను నిలబెట్టి అడిగితే అమ్మోరిని నమ్ముతానో లేదో చెప్పలేను. ఎవరైనా పక్కన ఉంటే నమ్మను. ఒంటరిగా ఉంటే నమ్ముతాను. కానీ నా భయానికి నమ్మకంతో పని లేదు. ఆ పాట వింటే మా అత్త ఊగుతుంది. చిన్నప్పటినుంచీ చూశాను. ఊగితే ఆ కుట్లు వేసిన గుండె ఆగిపోతుంది. ఆ పాట ఇప్పుడు నా గొంతుతో ఊరంతా తిరుగుతోంది, అది కూడా సాగనంపు లేకుండా, మళ్లీ మళ్లీ పిలుస్తూ.

ఇక నా బతుకు దొంగ బతుకైంది. ఇంట్లో రేడియో చెడిపోయిందని చెప్పి గూట్లో పెట్టేశాను. పక్కింటివాళ్లని బతిమాలుకున్నాను. అత్తని క్లినిక్‌కి తీసుకెళ్లేటప్పుడు కారు అద్దాలన్నీ బిగించేదాన్ని. ఎక్కడ బండి ఆగినా, ఏ కొట్టులో పాట వినిపించినా నా గుండె దడదడలాడేది. ఆవిడ గుండెజబ్బు నాకూ పట్టుకునేలా ఉందని మా ఆయన అన్నాడు.

వింత ఏమిటంటే, అత్త ఆల్బం ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. మత్తుమందుల వల్ల మర్చిపోయిందనుకున్నాను. మరికొన్ని పనులు కూడా చేసేది. నా దిండు కింద వేపాకు దొరికింది. గుమ్మానికి ఆవిడే వంగలేక వంగి పసుపు రాసింది. పొద్దున్నే నన్ను ఎగాదిగా చూసి, నిద్ర పట్టిందా, ఒళ్లు బరువుగా ఉందా అని అడిగేది. ఒకరోజు జ్వరం వచ్చి పడుకుంటే నా పక్కనుంచి కదల్లేదు. డాక్టరు చెప్పింది మర్చిపోయి మెట్లెక్కి వచ్చినందుకు కేకలేశాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. పెద్దదైపోయింది, మతి తప్పుతోంది అని ఆ రోజు ఏడ్చాను.

అలా ఉండగా పక్కూరు హుటాన్ మెలింటాంగ్‌లో మా చుట్టాలమ్మాయి నిశ్చితార్థం వచ్చింది. నేను వెళ్లనన్నాను. అత్త వెళ్తానంది. ఆసుపత్రికి తప్ప గడప దాటి ఎన్నాళ్లయిందో చూసుకోమంది. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. తమ్ముడు తాను కూడా వస్తానని, పాటలు పెట్టేవాడు తన స్నేహితుడేనని, పిలుపు పాట రాకుండా చూసుకుంటానని మాట ఇచ్చాడు.

హాలు నది ఒడ్డుకి దగ్గర. చేపల వాసన, బిర్యానీ వాసన కలిసి తలుపు దగ్గరే ఎదురొచ్చాయి. అత్తని ఫ్యాను కింద కూర్చోబెట్టి, నేను పక్కనే కూర్చున్నాను. పాటలు పెట్టే అబ్బాయి నన్ను గుర్తుపట్టి, మర్యాద కోసం నా లాలిపాట పెట్టాడు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనూ నమస్కారం పెట్టాను. ఆ అబ్బాయి పాట అలా వదిలేసి భోజనానికి పోయాడు. తమ్ముడు అప్పటికే తింటున్నాడు. లాలిపాట అయిపోయింది. దాని తర్వాతది దానంతటదే మొదలైంది.

మొదటి డప్పు దెబ్బకే అది పిలుపు పాటని తెలిసిపోయింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆడపిల్లలు లేచి, పాట మొత్తం నోటికి వచ్చినట్టు నాతో కలిసి పాడుతున్నారు. నేను అత్త వైపు తిరిగాను. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. కూర్చోమని భుజం పట్టుకున్నాను. చిన్నపిల్ల చేతిని తీసినట్టు నా చేతిని తీసేసింది. కళ్లు మూసుకుంది. ఊగడం మొదలుపెట్టింది.

ఎవరో నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. తమ్ముడు ఎంగిలి చేత్తోనే పరుగెత్తి తీగ లాగేశాడు. పాట ఆగింది, అత్త ఆగలేదు. నుదుటి మీద చెమట, పెదవులు నల్లబడుతున్నాయి. అంబులెన్స్‌కి ఫోన్ చేయమని అరిచాను, మా ఆయన అప్పటికే చేస్తున్నాడు. పెద్దావిడ ఒకామె పసుపు నీళ్లు తెచ్చి నా చేతికి చెంబు ఇచ్చింది. సాగనంపు పాడమంది. ఆ హాల్లో పిలుపు పాట రాని పిల్ల లేదు. సాగనంపు వచ్చినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. వచ్చినా లాభం లేదు. పిలిచింది నా గొంతు.

మొదటి మాట గాలిలా వచ్చింది. రెండోసారి అందుకున్నాను. వెనక్కి ఒక అడుగు వేశాను. అత్త ముందుకి ఒక అడుగు వేసింది. ఎక్కడినుంచో తాళం వినిపించింది. తమ్ముడు షర్బతు డ్రమ్ము తిరగేసి అరచేతులతో కొడుతున్నాడు. వాడికి ఆ తాళం తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. జనం దారి ఇచ్చారు. తలుపు దాటాం, ఎండలోకి వచ్చాం, గేటు బయట రోడ్డు పక్కన పెద్ద కాలువ ఉంది. అక్కడిదాకా నడిపించాలి.

అప్పుడు చివరి చరణం వచ్చింది. చిన్నప్పటినుంచి విన్నదే, స్టూడియోలో తప్పు లేకుండా పాడిందే. 'వెళ్లిరా తల్లీ, వెనక్కి చూడకే, నీ బరువు నాకొద్దు, నీ చల్లన చాలు.' ఆ మాటలు నేను ఎవరి మొహంలోకి చూస్తూ పాడాలి? నాకు జడ వేసిన మనిషి మొహంలోకి. ఆపరేషన్ చేసిన గుండెని పట్టుకుని నా ముందు ఊగుతున్న మనిషి మొహంలోకి. వెళ్లమంటే అమ్మోరే వెళ్తుందని, అత్త వెళ్లదని నాకు ఎవరు చెప్తారు? నా గొంతు ఆగిపోయింది. నేను అననంటే అనను అనుకున్నాను. డ్రమ్ము మాత్రం మోగుతోంది.

అత్త కళ్లు తెరవలేదు.

"పాడవే గుంటా," అంది. అది అమ్మోరి గొంతు కాదు. రోజూ నన్ను నిద్ర లేపే గొంతు.

పాడాను. వణుకుతూ, ఏడుస్తూ, వెళ్లిరా తల్లీ అన్నాను. కాలువ గట్టున చెంబు బోర్లించాను. అత్త సిమెంటు అరుగు మీద కూలబడి తల వాల్చేసింది. ఛాతీ కదులుతోందో లేదో చీర మడతల్లో తెలియలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టబోయాను, పెట్టడానికి ధైర్యం చాల్లేదు. చేయి గాల్లోనే ఉండిపోయింది.

"దాహం," అంది అత్త.

అంబులెన్స్ వచ్చింది. గుండె కొట్టుకోవడం ఎక్కువగా ఉంది కానీ ప్రమాదం లేదన్నారు, అయినా ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచారు. మర్నాడు కాస్త తేరుకున్నాక అడిగాను, పాట నీ చెవిన పడకూడదని నేను ఎంత చచ్చినా పడనే పడింది కదా అని. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. ఆల్బం ఆపరేషన్ అయిన వారంలోనే విన్నదట. నేను పక్కన లేనప్పుడు, ఇవి మన పాటలేనంటూ నర్సమ్మ సంబరంగా ఫోన్ చెవి దగ్గర పెట్టిందట. మొదటినుంచి చివరిదాకా విని, సాగనంపు కోసం ఎదురు చూస్తే, పాట మళ్లీ మొదటికి పోయిందట.

"మరి అప్పుడు అమ్మోరు రాలేదేం?" అన్నాను.

"ఎప్పుడూ రావాలనేటి? నిన్న కూడా రానేదు. నానే నిలబడ్డాను," అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "పిలిసి పంపకపోతే పిలిసినోల్ల మీదే ఉండిపోతాది. నువ్వు ఊరంతా పిలిసినావు. నీకు జొరం వచ్చినాది, సరిగా తిననేదు, నిద్దర నేదు. నా కళ్ల ముందే ఎండిపోతన్నావు. ఎవురో ఒకరు ఎదర నిలబడితేనే కదా నువ్వు పంపేది. ఆ హాల్లో ఇంకెవురున్నారు?"

దిండు కింద వేపాకు, గుమ్మానికి పసుపు, మెట్లెక్కి రావడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నేను తినకపోవడానికీ నిద్రపోకపోవడానికీ కారణం ఆవిడ గురించిన భయం. ఆవిడ కుట్ల గుండెతో లేచి ఊగడానికి కారణం నా గురించిన భయం. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం బెదిరిపోతూ ఉన్నాం. చచ్చిపోతే ఏమయ్యేదని గట్టిగా అరిచాను. పక్క మంచం వాళ్లు తిరిగి చూశారు. అత్త నా చెయ్యి నిమురుతూ ఉండిపోయింది.

తమ్ముడు ఆ వారమే పాత సాగనంపు రికార్డింగు ఆల్బం చివర పెట్టేశాడు. ఇంటికొచ్చి అత్త ముందు కూర్చుని వినిపించాడు. ఈసారి తల ఊపలేదు, తల దించుకున్నాడు. అత్త మొత్తం విని పెదవి విరిచింది.

"ఇందులో బయం నేదు. అదెవురికీ పాడనట్టుంది. ఆయేల పాడినట్టు పాడి ఎట్టు," అంది నాతో.

అందుకే మళ్లీ సైబర్‌జయ వెళ్లాం. స్పాంజి గోడల గదిలో నా ఎదురుగా కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని అత్త కూర్చుంది. పాడినంతసేపూ నా కళ్లు ఆవిడ ఛాతీ మీదే ఉన్నాయి. చివరి చరణంలో, వెళ్లిరా తల్లీ అన్నచోట గొంతు వణికి, మాట సగం మింగేశాను. తమ్ముడు హెడ్‌ఫోన్ తీసి, ఆ వణుకు కంప్యూటర్లో సరిచేసేస్తాననబోయాడు. అత్త వైపు చూసి ఆగిపోయాడు.

ఆ వణుకు ఆల్బంలో అలాగే ఉంది. ఇప్పుడు కచేరీల్లో కూడా చివరిపాట అదే. సగం జనం లేచి వెళ్లిపోతుంటారు, అయినా పాడతాను. ఆ మాట దగ్గరికి వచ్చేటప్పటికి ప్రతిసారీ ముందు వరసలో అత్త కోసం చూస్తాను. ఆవిడ అక్కడ ఉంటే పాడటానికి భయం. లేకపోతే ఇంకా భయం.